తిరగేసిన ఏనుగు మంత్రి అవుతుందా?

తెల్లగడి: మొన్న ఆదివారం 11 ఏళ్ల లోపు పిల్లల చదరంగం పోటీలో మా అమ్మాయి బంటు 8వ వరుసకు చేరింది, అంటే దాన్ని మంత్రిగా మార్చుకోవచ్చు. పక్కన మంత్రి కనిపించలేదు. ఏనుగును తిరగేసి పెట్టి, ‘మంత్రి’ అని పైకే చెప్పి గడియారం నొక్కింది. ఆర్బిటర్ (పోటీ తీర్పరి) వచ్చి అది ఏనుగేనన్నారు. గెలిచే ఆట పోయింది. ఇది న్యాయమేనా?

పాత ఆర్బిటర్: న్యాయమే. ఎలా పెట్టినా ఏనుగు ఏనుగే. కావలసిన పావు దొరకకపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవవచ్చని ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నిబంధన 6.11.2 చెబుతోంది. 2017 కెనడా ఛాంపియన్‌షిప్ టైబ్రేక్‌లో (సమానంగా నిలిచినవారిలో విజేతను తేల్చే ఆటలో) నికొలాయ్ నొరిత్సిన్ కూడా ఇలాగే ఏనుగును తిరగేసి పెట్టాడు. ఆర్బిటర్ ఒప్పుకోలేదు.

తెల్లగడి: మిగతా సగం కూడా చెప్పండి. ఆ మంత్రి అప్పుడు ప్రత్యర్థి బాటర్ సంబుయేవ్ చేతిలో ఉంది! వీడియోలో అందరూ చూశారు. అయినా ప్రపంచ కప్‌కు వెళ్లింది సంబుయేవే.

చిన్నబంటు: మేము ప్రతి బల్ల మీదా అదనపు మంత్రులు ఉంచుతాం. ఈ తగాదాయే రాదు.

పాత ఆర్బిటర్: మంత్రి ఎవరి చేతిలో ఉన్నా, గడియారం ఆపే హక్కు ఎక్కడికీ పోలేదు.

తెల్లగడి: పదేళ్ల పిల్లకు 6.11.2 కంఠస్థం కావాలా? నిబంధనలు అన్ని సందర్భాలకూ సరిపోవనీ, మరీ వివరంగా రాస్తే ఆర్బిటర్ విచక్షణకు చోటు ఉండదనీ ఫిడే నియమావళి ముందుమాటే అంటోంది. మీరు ముందుమాట చదవకుండానే ఆర్బిటర్ అయ్యారా?

పాత ఆర్బిటర్: చదివాను, ఆచరించాను, అనుభవించాను. ఒకసారి ఒక బాబు ఏడుస్తుంటే జాలిపడి, ముట్టిన పావునే కదపాలన్న నియమం పక్కన పెట్టి వేరే ఎత్తు వేయనిచ్చాను. అవతలి బాబు తండ్రి ‘ఎంతకు అమ్ముడుపోయావు’ అని హాలంతా వినేలా అడిగాడు. ఆయన కోపంలో తప్పు లేదు. నా జాలికి మూల్యం చెల్లించింది ఆయన కొడుకు.

గోదారి గుర్రం: ఇద్దరూ కాస్త శాంతించండి.

తెల్లగడి: ఎలా శాంతించమంటారు? అదే ఉదయం, అదే ఆర్బిటర్, పోటీ జరిపే అకాడమీ కుర్రాడు ఏనుగును తిరగేస్తే ‘ఇదిగో బాబూ, మంత్రి’ అని తెచ్చి ఇచ్చారు. మా అమ్మాయి పక్క బల్ల నుంచి చూసింది. అలా పెట్టవచ్చని అక్కడే నేర్చుకుంది.

పాత ఆర్బిటర్: ఈ మాట ముందే చెప్పవలసింది. అది పక్షపాతం, క్షమించరానిది. కానీ తప్పు జరిగింది ఉదయం. ఆ కుర్రాడికీ ఏనుగే మిగలాలి.

తెల్లగడి: కాదు. ఉదయం చేసిందే సరైన పని. పిల్లలందరికీ అలాగే చేయాలి.

పాత ఆర్బిటర్: ఇక్కడ మనకు కుదరదు. అప్పీలు రాసి ఇచ్చారా?

తెల్లగడి: లేదు. నేను లోపలికి వెళ్లేసరికే అమ్మాయి ఫలితం కాగితం మీద సంతకం పెట్టేసింది.