భార్య భయపడుతుంటే అది అవిశ్వాసమా, హెచ్చరికా?

చీమకుర్తి బ్రదర్ (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ వందనాలు. నేను గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. పామూరు అవతల ఒక పల్లెలో చిన్న ప్రార్థన గుంపు ఉంది. అక్కడ సేవ చేసిన పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. అప్పటి నుంచి వాళ్లు నన్ను రమ్మని అడుగుతున్నారు. ఆ ఊరి మీద నాకు ముందునుంచీ భారం ఉంది. ఉద్యోగం మానేసి కుటుంబంతో అక్కడికి వెళ్లిపోవాలన్నదే దేవుని నడిపింపు అనిపిస్తోంది. ఈఎంఐలు నడుస్తున్నాయి కాబట్టి నాకూ భయమే, కానీ ప్రార్థనలో కూర్చుంటే తగ్గుతోంది. నా భార్యకు తగ్గడం లేదు. ఒక సేవకుణ్ణి అడిగితే 2 తిమోతి 1:7 చూపించి, దేవుడు పిరికితనం గల ఆత్మను ఇవ్వలేదు, మీ ఇంట్లో అడ్డుపడుతున్నది శత్రువే అన్నారు. ఆ మాట ఇంటికెళ్లి చెప్పడానికి నోరు రాలేదు. మీరేమంటారు?

విశ్వాసపు అడుగు:
ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. ఆ సేవకుడు సూటిగా చెప్పారు, మీకు గుచ్చుకుంది, అంతే. అబ్రాహాము ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరాడు. మోషే ఒక్కొక్క సాకే చెబుతూ పోతే నిర్గమకాండము 4లో దేవునికి కోపం వచ్చింది. భయం తగ్గాక వెళ్దాం అనుకుంటే అది ఎప్పటికీ తగ్గదు. ఇప్పుడు లోన్ అంటారు. అది తీరాక పిల్లల ఫీజులు, తర్వాత పెళ్లిళ్లు, ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు. పిలుపు ఉందని చెప్పి ఇలా రిటైరైపోయినవాళ్లు మా సంఘంలోనే వరసగా కూర్చుని ఉన్నారు. ఒంగోలు పక్కనే ఉండి భయం గురించి అడుగుతున్నారా? 1862లో అమెరికాలో మిషన్ పెద్దలు మన తెలుగు మిషన్‌ను మూసేద్దాం అనుకున్నారు. అప్పుడు ఇక్కడ పనిచేసిన మిషనరీ జ్యూయెట్ దొరగారు, మీరు పంపకపోయినా నేను వెళ్తాను, ఆ తెలుగువాళ్ల మధ్యే బతికి అక్కడే చస్తాను అన్నారు. ఆయన భార్య భయాల గురించి సర్వే చేసి ఉంటే ఈరోజు మన మందిరాలు ఉండేవా?

కావలి టీచరమ్మ:
సర్వే అక్కర్లేదు బ్రదర్, ఆమె కూడా పక్కనే ఉన్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిన ఐదుగురిలో జ్యూయెట్ గారి భార్య ఒకరు. ఆయన ఒక్కడే ఎక్కి దిగొచ్చి, మూటలు కట్టు అని ఇంట్లో చెప్పలేదు. ఇంకో సంగతి. ఆ ప్రార్థనకీ, ఆ తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టడానికీ మధ్య 12 ఏళ్లు గడిచాయి. ఆ 12 ఏళ్లనూ ఎవరూ పిరికితనం అనలేదు.

అసలు ప్రశ్నకు వస్తాను. ద్వితీయోపదేశకాండము 20 చదవండి. యుద్ధానికి వచ్చినవాళ్లలో కొత్త ఇల్లు కట్టుకున్నవాడు, ద్రాక్షతోట వేసుకున్నవాడు, పెళ్లి కుదిరినవాడు ఇంటికి వెళ్లవచ్చు. భయపడేవాడు కూడా వెళ్లవచ్చు. కారణం ఏం చెప్పారు? అతన్ని చూసి తోటివాళ్ల గుండె కూడా జారిపోకూడదని. శిక్ష లేదు, శాపం లేదు. న్యాయాధిపతులు 7లో మిద్యానీయుల మీద యుద్ధానికి బయలుదేరిన గిద్యోను ఇదే ప్రకటన చేస్తే 22 వేలమంది తిరిగి వెళ్లిపోయారు. వాళ్లలో ఒక్కరిలో కూడా సాతాను ఉన్నాడని వాక్యం అనలేదు.

అదే అధ్యాయంలో ఇంకొంచెం కిందికి రండి. ఆ రాత్రి దేవుడు గిద్యోనుతో, దిగి వెళ్లడానికి నీకు భయమైతే నీ పనివాడు పూరాను తోడు తీసుకుని ముందు శత్రువుల దండు దగ్గరికి వెళ్లి వాళ్లేం మాట్లాడుకుంటున్నారో విను అన్నాడు. గిద్యోను వెళ్లాడు. అంటే భయం ఉంది! దేవుడు గద్దించలేదు, తోడును చూపించాడు. మన ప్రసంగాల్లో గిద్యోనుతో చివరికి మిగిలిన మూడు వందలమంది వస్తారు, కుండలు వస్తాయి, దివిటీలు వస్తాయి. పూరా మాత్రం రాడు.

విశ్వాసపు అడుగు:
సిస్టర్, పూరాతో వెళ్లినవాడు చివరికి యుద్ధానికి దిగాడుగా? మీ లెక్కలో తోడు దొరికే దాకా కూర్చోవడమేగా.

అయ్యగారి అమ్మాయి, కందుకూరు:
ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మా నాన్నగారు ఉద్యోగం వదిలి, జీతం లేకుండా దేవుని మీదే ఆధారపడే విశ్వాస జీవితం అని సేవకు దిగారు. ఆయన మంచివారు, నమ్మకమైనవారు, నేను ఆయన్ని తప్పుపట్టను. కానీ సాక్ష్యాల కూటంలో ఆయన చెప్పే అద్భుతాల్లో సగం మా అమ్మ చేసినవి. బియ్యం లేని రోజు తలుపు దగ్గర బియ్యం దొరికింది అంటారు. అమ్మ పక్కింటామె దగ్గర చేబదులు తెచ్చింది. ఆ అప్పు తీర్చడానికి బ్లౌజులు కుట్టింది. ఆమెకు భయం వేస్తే అది అవిశ్వాసం. నాన్నగారికి ధైర్యం వస్తే అది విశ్వాసం. ఈ తూకం ఎవరు పెట్టారో నాకిప్పటికీ అర్థం కాదు.

గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటాం కదా, మా ఇంట్లో ఆ దీపానికి చేతులు అడ్డం పెట్టి నిలబడింది అమ్మే.

పాత ఒంగోలు:
జ్యూయెట్ గారి మొండితనం చెప్పారు, సంతోషం. క్లౌ గారి సంగతి కూడా పూర్తిగా చెప్పుకోవాలిగా. ఆయన మిషనరీ కాకముందు సర్వే పని చేసినవాడు. 1876-78 కరువులో జనం చచ్చిపోతుంటే ప్రార్థన కూటాలతో సరిపెట్టలేదు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. ఆ పని నడుస్తున్న కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఏడాదికి పైగా ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమో అన్న అనుమానం. అది భయమే కదా, తప్పు జరుగుతుందేమో అన్న భయం. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెబుతారు, దాని ముందున్న ఏడాది చెప్పరు. నా ఉద్దేశంలో ఆయన విశ్వాసం నదిలో కన్నా ఆ ఏడాది ఆగడంలోనే ఎక్కువ కనిపిస్తుంది.

నెల్లూరు యూత్:
అంకుల్, బ్రదర్‌కి కాలువ కాంట్రాక్టు లేదు, ఈఎంఐ ఉంది 🙂 పౌలు డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పలేదా? జీతం మానేస్తేనే పిలుపు అని ఎవరన్నారు?

చీమకుర్తి బ్రదర్ ఐడీ నుంచి, ఆయన భార్య:
అందరికీ వందనాలు. ఆయన ఫోను తీసుకుని రాస్తున్నాను, ఆయనకు చెప్పే. ఇంతమంది నా భయం గురించి మాట్లాడారు. దేనికి భయమో ఎవరూ అడగలేదు, ఆయనతో సహా.

పల్లెకు వెళ్లడం అంటే నాకు భయం లేదు. నేను పుట్టింది పల్లెలోనే. తిండికి ఇబ్బంది అన్నా భయం లేదు. మా మామగారి పొగాకు అప్పు ఈయన పేరుకు మార్చుకున్నారు, నా బంగారం బ్యాంకులో ఉంది. జీతం ఆగితే అప్పులవాళ్లు పామూరు దాకా వస్తారు, ఆ గుంపులో ఉన్నవాళ్ల ముందు నిలబడి అడుగుతారు. దేవుని పేరు చెప్పుకుని వచ్చి అప్పు ఎగ్గొట్టాడంటారు. అది ఒకటి. రెండోది, అక్కడ ఏం తేడా జరిగినా, పిల్లాడికి జ్వరం వచ్చినా, నా అవిశ్వాసం వల్లే అంటారు. ఆ మాట ఇప్పటికే ఒకరు అన్నారని ఈ చర్చ చదివాకే తెలిసింది.

దేవుడు ఈయనతో మాట్లాడి ఉండవచ్చు, కాదనను. నాతో కూడా మాట్లాడతాడుగా. నేనూ ఆయన బిడ్డనే.

విశ్వాసపు అడుగు:
అమ్మా, అప్పు ఇంత ఉందన్న సంగతి మాకు తెలియదు. అది తీర్చాల్సిందే. కానీ అప్పు తీరేవరకు ఆ పల్లె కాపరి లేకుండా ఉండాలా? అది కూడా చెప్పండి.

చీమకుర్తి బ్రదర్:
ఆ ప్రశ్న నన్నూ నిద్రపోనివ్వడం లేదు బ్రదర్. రాత్రి ఇద్దరం అప్పుల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. ప్రస్తుతానికి శనివారం డ్యూటీ దిగాక పొదిలి, కనిగిరి మీదుగా బస్సులో వెళ్లి, ఆదివారం ఆరాధన చూసుకుని వస్తాను. వచ్చే వారం ఆమె కూడా వస్తానంది, అక్కడి ఆడవాళ్లతో మాట్లాడాలట. ఎవరైనా పామూరు వైపువాళ్లు ఉంటే ఆదివారం సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో చెప్పండి.