గ్రైండర్‌కి చెక్క కోసే బ్లేడు బిగించుకోవచ్చా?

మేడమీదగది:
మాది గుంటూరు. మేడ మీద గదిలో సొంతంగా వడ్రంగి పని మొదలుపెడదామని ఉంది. పాతింటి టేకు తలుపులు రెండున్నాయి, వాటి చెక్కతో పాపకి చదువుకునే బల్ల, 18 ఎం.ఎం. ప్లైవుడ్‌తో పుస్తకాల అరలు చేయాలి. ఇంట్లో 4 అంగుళాల గ్రైండర్ ఉంది. షాపులో అడిగితే "దీనికే చెక్క బ్లేడు వేసుకోండి సార్, ఇంకో మెషిన్ ఎందుకు" అని పళ్ల బ్లేడు ఇచ్చారు. తెచ్చాను కానీ బిగించాలంటే టెన్షన్‌గా ఉంది. వాడొచ్చా? వద్దంటే ఏం కొనాలి? పాపకి ఏడేళ్లు, పని చేస్తుంటే పక్కనే తిరుగుతూ ఉంటుంది.

రంపంపొట్టు:
అన్నా, ఆ బ్లేడు దయచేసి బిగించకండి. గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, ఇనుము అరగదీయడానికి చేసిన మెషిన్ అది. అరగదీసే డిస్క్‌కి పళ్లుండవు. పళ్ల బ్లేడుకి చెక్కలో ముడి తగిలినా, కోసిన గాటు మూసుకుని బ్లేడుని నొక్కినా పన్ను కొరికి పట్టేస్తుంది, అంతే, మెషిన్ చేతిలోంచి మన మీదికే ఎగురుతుంది. కిక్‌బ్యాక్ అంటే ఇదే. రెప్పపాటులో అయిపోతుంది, గట్టిగా పట్టుకుంటే ఆగేది కాదు. పైగా గ్రైండర్‌కి చెక్క మీద ఆనే ప్లేటు లేదు, బ్లేడు ఎంత లోతు దిగాలో ఆపేదీ లేదు. డబ్బాలో వచ్చిన పుస్తకం తీసి చూడండి, పళ్ల రంపం బ్లేడు పెట్టొద్దని చాలా కంపెనీలు అందులో రాస్తాయి.

ఇంకోటి, 4 అంగుళాల గ్రైండర్ డిస్క్ మధ్య కన్నం మామూలుగా 16 ఎం.ఎం. ఉంటుంది, మార్బుల్ కట్టర్ బ్లేడుకైతే 20. షాపులో మీకు ఆ రెండో రకం ఇచ్చి ఉంటే అది నడుమ సరిగ్గా కూర్చోదు, తిరిగేటప్పుడు వణుకుతుంది. స్కేలు పెట్టి కొలిచి చూడండి.

పల్నాటిపనివాడు:
మరీ అంత భయపెట్టొద్దు బ్రో. మా ఊళ్లో కార్పెంటర్లంతా మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేసి ప్లై కోస్తారు, రోజూ చూస్తున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు.

రంపంపొట్టు:
మార్బుల్ కట్టర్ వేరండి, దానికి కింద ప్లేటు ఉంటుంది, లోతు పెట్టుకోవచ్చు, గ్రైండర్ కంటే నయమే. కానీ కోత అయ్యాక బ్లేడుని మూసే కింది గార్డు దానికి ఉండదు, మెషిన్ పక్కన పెట్టేటప్పుడు కూడా బ్లేడు బయటే తిరుగుతూ ఉంటుంది. ఎవరికీ ఏమీ కాలేదంటే నేను ఒప్పుకోను. మా నాన్న, బాబాయి ఇద్దరూ వడ్రంగులే. బాబాయికి ఎడమ చూపుడువేలు కొస లేదు, ఇప్పటికీ చొక్కా గుండీ పెట్టుకోవడానికి అవస్థ పడతాడు. ఆయనకి చేయి తిరగక కాదు.

మేడమీదగది గారూ, కొనేదైతే 7 అంగుళాల సర్క్యులర్ సా, అంటే గుండ్రటి బ్లేడుతో చెక్క కోసే చేతి మెషిన్, కొనండి. వేగం 5,000 చుట్ల దరిదాపుల్లో ఉంటుంది, కింద స్ప్రింగు గార్డు ఉంటుంది. ప్లగ్ పెట్టకముందే ఆ గార్డుని వేలితో పైకి లాగి వదలండి, టక్కున మూసుకోవాలి. మూసుకోకపోతే పొట్టు ఇరుక్కుందని అర్థం, శుభ్రం చేశాకే పని. అడ్డొస్తోందని దాన్ని తాడుతో కట్టేసేవాళ్లుంటారు, అది మాత్రం ఎప్పుడూ చేయకండి. 18 ఎం.ఎం. ప్లైకి బ్లేడు కిందికి ఇంకో 5, 6 ఎం.ఎం. వస్తే చాలు. ప్లై మొత్తం కింద మందపాటి థర్మకోల్ షీటు పరిచి దాని మీదే కోయండి, చివర్లో ముక్క వంగి బ్లేడుని నొక్కదు. తిన్నటి పట్టె ఒకటి రెండు క్లాంపులతో బిగించి దాని అంచున నడపండి, మీరు బ్లేడు వరసలో కాకుండా కాస్త పక్కకి నిలబడండి. పాత తలుపుల్లో మేకులుంటాయి, అయస్కాంతం పెట్టి వెతికి అన్నీ పీకాకే కోయాలి.

కరెంటుపని:
చెక్క సంగతి పై ఆయన చెప్పారు, నేను కరెంటు సంగతి చెప్తాను. మెషిన్‌కి స్విచ్ లాక్ (వేలు తీసినా స్విచ్ ఆన్‌లోనే ఉంచేది) ఉండి, పని మధ్యలో కరెంటు పోతే, మనం అలాగే వదిలేసి కిందికి వెళ్లిపోతాం. కరెంటు రాగానే అది దానంతటదే తిరుగుతుంది, అప్పటికి పాప అక్కడుంటే? కరెంటు పోయిందంటే మొదటి పని ప్లగ్ పీకడం. బ్లేడు మార్చేటప్పుడూ అంతే, స్విచ్ ఆపితే సరిపోదు. మేడ మీదికి లాగే ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 స్క్వేర్ ఎం.ఎం.కి తగ్గకుండా చూసుకోండి, చుట్ట మొత్తం విప్పి వాడండి, చుట్టలో ఉంటే వేడెక్కుతుంది. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి.

అత్తాపూర్అమ్మ:
ఆ తలుపులకి పాత రంగు ఉందా? ఉంటే ఎమరీ పేపరుతో పొడిగా రుద్దకండి, సాండర్ (రుద్దే మెషిన్) అసలే వద్దు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో చాలా ఎక్కువ ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లల మెదడుకి హాని. రంగు తీసే మందు రాసి, గాలి ఆడే చోట, తడిగా గీకండి, పాపని ఆ పూట అమ్మమ్మగారింటికి పంపండి. రంగు లేకపోయినా చెక్క దుమ్ము మంచిది కాదు, క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో దాన్ని ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) 1995లోనే చేర్చింది. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.

మేడమీదగది:
అందరికీ చాలా థాంక్స్. తలుపులకి ఆకుపచ్చ ఎనామిల్ ఉంది, మా తాతగారి కాలంనాటిది. సర్క్యులర్ సా కొంటాను. గ్లౌజులు వేసుకోవాలా?

రంపంపొట్టు:
చెక్కలు మోసేటప్పుడు వేసుకోండి, బ్లేడు తిరిగేటప్పుడు వద్దు. గ్లౌజు అంచు దొరికితే వేలొక్కటే కాదు, చెయ్యి మొత్తం లాగేస్తుంది. లుంగీ, వదులు చేతుల చొక్కా, చేతికి కట్టిన దారం, కడియం, ఉంగరం కూడా అంతే. కళ్లద్దాలు, చెవులకి ఇయర్‌మఫ్‌లు తప్పకుండా పెట్టుకోండి. గది తలుపుకి లోపల గడియ లేకపోతే మెషిన్ కొనేలోపే పెట్టించండి, పాప వెనకనుంచి వచ్చి పిలిస్తే మీరు తల తిప్పుతారు.