బొమ్మ కింద వైకల్యం శాతం రాయాలా, అక్కర్లేదా? (ఆన్‌లైన్ చర్చ)

కొబ్బరాకు (అంబాజీపేట దగ్గర)

ఆగస్టు 15న అమలాపురంలో దివ్యాంగులు వేసిన బొమ్మల ప్రదర్శన జరిగింది. పెట్టినవాళ్ల పేరు అనవసరం, ఒక సేవా సంస్థ అనుకోండి. అంశం కూడా వాళ్లే ఇచ్చారు: ‘నా దేశం, మనమంతా ఒకటే’. ముప్పై పైచిలుకు బొమ్మలు వచ్చాయి. మా అన్నయ్య కూతురిదీ ఒకటుంది. తనకి పుట్టుకతో వినపడదు, ఇప్పుడు పంతొమ్మిదేళ్లు.

తను వేసింది జగ్గన్నతోట ప్రభల తీర్థం. కనుమ నాడు గంగలకుర్రు దేవుడి ప్రభని భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలువ దాటిస్తారు చూడండి, ఆ ఘట్టం. మనలో ఎవరం వేసినా ప్రభ మీదే పడతాం: వెదురు బద్దలు, రంగు గుడ్డలు, పైన మెరుపులు. తను కాగితంలో సగానికి పైగా నీళ్లే వేసింది. మోసేవాళ్ల నోళ్లన్నీ తెరుచుకుని ఉన్నాయి. డప్పులవాళ్లు దిగిన చోట నీళ్లలో సన్న సన్న వలయాలు. ఇవేంటని సైగ చేసి అడిగితే, అరచెయ్యి గుండె మీద పెట్టి నాలుగుసార్లు కొట్టి చూపించింది. డప్పు తనకి తెలిసేది అక్కడ.

నిర్వాహకులు చూసి ‘బాగుంది గానీ, ఇందులో దేశం ఎక్కడుందమ్మా?’ అన్నారు. జెండా పెట్టమన్నారు. పెట్టకపోతే తీసుకోరేమోనని మా అన్నయ్య టెన్షన్ పడిపోయి తనని బతిమాలాడు. తను విసుక్కుంటూనే అవతలి గట్టున ఒక బడి వేసి, దాని మీద గోరంత జెండా పెట్టింది.

సరే, అదీ అయింది. ఆ రోజు వెళ్లి చూస్తే బొమ్మ కింద చీటీ. పేరు, ఊరు, ఆ కింద ‘వినికిడి లోపం – 90 శాతం’. వైకల్యం ఎంతో తేల్చి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో ఉన్న అంకె ఎత్తి రాసేశారు. పక్క బొమ్మ కింద ‘కాలు – 60 శాతం’. ధర మాత్రం ఒక్కదాని కిందా లేదు. వచ్చినవాళ్లు ముందు చీటీ చదువుతున్నారు, ‘అయ్యో పాపం’ అంటున్నారు, ఆ తర్వాత బొమ్మ వంక చూస్తున్నారు. కొందరు ఆ చూడటం కూడా లేదు.

నా మట్టుకు నాకు ఇలాంటి ప్రదర్శనలే వద్దనిపిస్తోంది. బాగుంటే అందరి బొమ్మల మధ్యా పెట్టండి, బాగోకపోతే తిప్పి పంపండి. మీరేమంటారు?

మండపేట మాస్టారు

బాబూ, నీ కోపం అర్థమైంది. కానీ ‘అందరి బొమ్మల మధ్యా పెట్టండి’ అన్నావు చూడు, అక్కడే నాకు పేచీ.

ముప్పై ఏళ్లు హైస్కూళ్లలో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి. జిల్లా పోటీలకు పిల్లల్ని తీసుకెళ్లాలంటే బస్సు చూసుకోవాలి, భోజనం చూసుకోవాలి, సాయంత్రం దాకా కాపలా ఉండాలి. నా దగ్గర ఒక కుర్రాడుండేవాడు. చేతులు రెండూ పనిచేసేవి కావు. కాలి వేళ్ల మధ్య కుంచె పెట్టుకుని గోదావరి లంకలు వేసేవాడు. వరద తీశాక ఒండ్రు ఎలా పగుళ్లిస్తుందో వాడు వేసినట్టు నేను వేయలేను. వాణ్ణి ఒక్క పోటీకీ తీసుకెళ్లలేదు. బొమ్మ బాగోక కాదు. బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు, బస్సు ఎవరు ఎక్కిస్తారు అని. హెడ్మాస్టరు వద్దన్నాడు, నేనూ ‘సరేలెండి’ అన్నాను. ఆ ‘సరేలెండి’ ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ప్రత్యేకంగా పెట్టిన ప్రదర్శనైతే వాణ్ణి వదిలేసి వెళ్లే వీలుండేది కాదు. అంతటి చిత్రకారుడు దామెర్ల రామారావు గారికే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్‌డ్రే దొర చెయ్యందిస్తే గాని బొంబాయి జేజే స్కూల్ గడప తొక్కడం కుదరలేదు. చెయ్యందించడాన్ని తప్పుపట్టకు. చీటీ మీద అంకె రాయడం మాత్రం తెలివితక్కువ పని, అందులో నేను నీ పక్షమే.

గౌతమి గట్టు

జెండా పెట్టమంటే అంత తప్పేముందండీ? అది ఆగస్టు 15 ప్రదర్శన, సంక్రాంతి ముగ్గుల పోటీ కాదు గదా. 1921లో బెజవాడలో గాంధీ గారి చేతికి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య గారు మన పక్క కృష్ణా జిల్లావారే. అంశం ఇచ్చినప్పుడు అంశం మీద వేయాలి. రెండు కళ్లూ రెండు చెవులూ ఉన్నవాడికైనా అదే రూలు. ‘మా పిల్లకి ఆ రూలు వద్దు’ అంటే జాలి అడిగినట్టే. ఒక పక్క జాలి వద్దంటూనే!

ఇంకో మాట. నిజంగా ప్రతిభ ఉంటే ఏ చీటీ ఆపలేదు. చిత్రకారుడు సతీష్ గుజ్రాల్ గారికి ఎనిమిదో ఏట చెవులు పోయాయి. దేశవిభజన మీద ఆయన వేసిన బొమ్మలు చూడండి. ఢిల్లీలో బెల్జియం ఎంబసీ కట్టడం కూడా ఆయన డిజైనే. 1999లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆయన బొమ్మ కింద ఎవరైనా శాతం రాశారా?

మండపేట మాస్టారు

గట్టు గారూ, గుజ్రాల్ గారి నాన్నగారు చదువుకున్న మనిషి, స్వాతంత్ర్య పోరాటంలో ఉన్నవారు. అన్నగారు ప్రధానమంత్రి అయ్యారు. చెవులు పోయిన పిల్లాణ్ణి లాహోర్లో మేయో ఆర్ట్స్ స్కూల్లో వేసిన ఇల్లు అది. ఆయన ప్రతిభని తక్కువ చేయడం లేదు. కానీ ఆ ఇంటికీ, వరదొస్తే పడవలో సామాను ఎక్కించుకునే లంక ఇంటికీ ఒకే కొలబద్ద పెడితే ఎలా?

పంటకాలువ

జెండా సంగతి నేను చెప్తాను. గట్టు గారూ, 2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్ మీద మన రాష్ట్ర శకటం ఏంటో గుర్తుందా? ప్రభల తీర్థమే! ఢిల్లీలో ఊరేగితే దేశం, అమలాపురంలో చెవిటి పిల్ల వేస్తే మాత్రం ‘దేశం ఎక్కడుందమ్మా’. ఆయ్, బాగుంది.

ఇంకొకటి. శాంతినికేతన్‌లో వినోదబిహారీ ముఖర్జీ అని ఒకాయన. పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి బాగా తక్కువ. దేశం రెండు ముక్కలవుతున్న 1946–47లో అక్కడి హిందీ భవన్ గోడల నిండా మధ్యయుగపు సాధుసంతుల్ని వేశాడు. కబీరు లాంటివాళ్లు, వాళ్ల చుట్టూ నేతగాళ్లు, నడిచి వెళ్లే జనం, ఏటి ఒడ్డు. ఆ ఏళ్లలో ఈ దేశం ఎవరిదో అంత విశాలంగా చెప్పిన బొమ్మలు ఎన్నున్నాయో నాకు తెలియదు. జెండా వేయలేదేమని ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. 1957లో ఆపరేషన్ తర్వాత ఆ ఉన్న కాస్త చూపూ పోయింది. అయినా మానలేదు, కాగితాలు కత్తిరించి అతికించాడు, పలకలతో కళాభవన్ గోడ మీద పెద్ద బొమ్మ కూర్చాడు.

ఆయన చూపు సంగతి తెలిశాక ఆ గోడ నాకు వేరేగా కనిపించింది. అంత పెద్ద గోడకి అంత దగ్గరగా మొహం పెట్టి వేశాడు కదా అని. కాబట్టి ‘అసలు చెప్పొద్దు’ అనే మాటకి నేను పూర్తిగా ఒప్పుకోలేను కొబ్బరాకు గారూ.

మూడు చక్రాలు

కొబ్బరాకు గారూ, మీరు చూసిన ఆ ‘కాలు – 60 శాతం’ నాదే.

మీ అమ్మాయి బొమ్మ నా బొమ్మ పక్కనే ఉందని మా ఆవిడ చెప్పింది. నేను చూడలేదు. హాలు మేడ మీద. ఇరవై రెండు మెట్లు. ర్యాంపూ లేదు, లిఫ్టూ లేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ‘కుర్చీతో సహా ఎత్తేస్తాం అంకుల్’ అన్నారు. మంచి కుర్రాళ్లే. అయితే వెనకాలే ఫోన్ పట్టుకుని ఒకతను రెడీగా ఉన్నాడు, ఎత్తేటప్పుడు ఫొటో తీయడానికి. వద్దన్నాను. కింద సైకిల్ స్టాండ్ దగ్గర కూర్చుని, మా ఆవిడ తీసుకొచ్చిన వీడియో చూశాను. ‘మనమంతా ఒకటే’ పైన, నేను కింద. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్లో మాలాంటి కళాకారులకి సదుపాయాలు, సాయం ఇవ్వాలనీ, కళ మాకు అందుబాటులో ఉండేలా చూడాలనీ రాసి ఉంది. మెట్లు కట్టే మేస్త్రికి ఆ సెక్షన్ ఎవరూ చదివి వినిపించినట్టు లేదు.

దేశం విషయానికొస్తే నా అనుభవం వేరే. 2016 నవంబరు 30న సుప్రీంకోర్టు సినిమా హాళ్లలో జనగణమన వేయాలి, అందరూ లేచి నిలబడాలి అంది. లేవలేనివాళ్లున్నారన్న సంగతి తొమ్మిది రోజులకి గుర్తొచ్చింది, డిసెంబరు 9న మాకు మినహాయింపు ఇచ్చింది. 2018లో అసలు వేయడమే తప్పనిసరి కాదంది. మధ్యలో ఒకసారి ఇంటర్వెల్ అప్పుడు నా వెనక సీటాయన వచ్చి భుజం తట్టి, ‘సారీ అండీ, మిమ్మల్ని వేరేగా అనుకున్నాను’ అన్నాడు. వేరేగా అంటే ఏంటో నేను అడగలేదు.

ఇక చీటీ. నేను వేసింది ధవళేశ్వరం ఆనకట్ట మీంచి గోదావరి. మీరంతా రెయిలింగ్ పై నుంచి చూస్తారు, నది మొత్తం పరుచుకుని ఉంటుంది. నేను కూర్చుని చూస్తాను. చువ్వలకీ చువ్వలకీ మధ్య నిలువు ముక్కలుగా కనిపిస్తుంది. ఒక ముక్కలో పడవ ముక్కు, ఇంకో ముక్కలో దాని తోక. అదే వేశాను. ‘60 శాతం’ అని రాస్తే అది ఎవరికైనా తెలుస్తుందా? ‘మూడు చక్రాల బండిలో కూర్చుని చూసింది’ అని రాయండి, నాకేం అభ్యంతరం లేదు. రాయకపోతేనే బాధ, చువ్వలు వేయడం రాక అలా వేశాడనుకుంటారు.

అందుకని మీ మాట నాకు కొంచెం తేడాగా వినపడింది బాబూ. శాతం రాయొద్దు అంటున్నారా, అసలు సంగతే దాచేద్దాం అంటున్నారా? మా అమ్మ కూడా పెళ్లిళ్లకి వెళ్తే నా కాలు మీద తువ్వాలు కప్పేది.

పేర్ల గొడవ కూడా ఎవరో ఎత్తుతారు, ముందే చెప్పేస్తున్నాను. చిన్నప్పుడు వికలాంగుణ్ణి. 2015 చివర్లో ప్రధాని గారు దివ్యాంగ్ అన్నారు. మన రాష్ట్రంలో శాఖ పేరు విభిన్న ప్రతిభావంతులు. మా వీధిలో మాత్రం ఇప్పటికీ కుంటోడే. పేరు మారిన ఏ సారీ మెట్లు తగ్గలేదు.

కొబ్బరాకు

అన్నా, ఆ ‘60 శాతం’ మీదని తెలిసుంటే అలా రాసేవాణ్ణి కాదు. తువ్వాలు మాట దగ్గర ఆగిపోయాను. నిజం చెప్పాలంటే, పెళ్లిచూపులకి వచ్చేవాళ్లు ఆ చీటీ చూస్తారేమోనన్న భయం మా ఇంట్లో ఉంది. నా కోపంలో అది ఎంత, బొమ్మ ఎంత అనేది నాకే తేలడం లేదు.

ఎన్నార్ బస్టాండ్

ముందు సదరం రీవెరిఫికేషన్ గురించి మాట్లాడండి సార్. మా తాతకి 6 వేల పింఛను ఆపేస్తామని నోటీసు వచ్చింది, మీకు బొమ్మల గోల.

నిర్వహణ

పింఛన్లకి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి.

లేసు టీచరు (నరసాపురం)

అందరూ చీటీలో ఉన్నదాని గురించి కొట్టుకుంటున్నారు. లేనిదాని గురించి ఒక్కరూ అడగరేంటి? ధర ఎందుకు లేదు?

మా లేసు సంగతి చెప్తాను. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి విలువ వచ్చింది, సంతోషమే. కానీ అల్లినావిడ పేరు ఏ టేబుల్ క్లాత్ కిందా ఉండదు. సూది పట్టుకుని మెడలు వంగిపోయినవాళ్లు, చూపు మందగించినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ల శాతం ఎవరూ రాయరు, పేరూ రాయరు. కానీ ముక్కకి ఇంత అని రేటుంటుంది. తక్కువే, అయినా ఉంటుంది. కొనేవాడు కుట్టు చూసి బేరమాడతాడు. బేరమాడుతున్నాడంటే ఆ వస్తువు వాడికి కావాలన్నమాట.

ధర లేని బొమ్మని ఎవరు బేరమాడతారు? చివర్లో ఒక శాలువా, ఒక ప్లాస్టిక్ మొమెంటో. ఆ బొమ్మలు తర్వాత ఏమయ్యాయో అడగండి.

నోటితో, కాలితో బొమ్మలు వేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం ఒకటుంది, ఎరిక్ స్టెగ్‌మాన్ అనే పోలియో వచ్చిన చిత్రకారుడు 1950లలో మొదలుపెట్టాడు. ‘దానం కాదు, స్వయంకృషి’ అనేది వాళ్ల నినాదం. వాళ్ల గ్రీటింగ్ కార్డుల వెనక నోటితో వేశారా కాలితో వేశారా అని రాసే ఉంటుంది. దాచరు. దాంతోపాటు రేటూ ఉంటుంది. సంఘంలో చేరిన విద్యార్థికి నేర్చుకునే రోజుల్లోనే నెలనెలా డబ్బు వస్తుంది. చీటీ తప్పని నేననను, రేటు లేని చీటీ తప్పంటాను.

నేనూ ఒకసారి ఏదో స్టాల్లో జాలిపడి బొమ్మ కొన్నాను. ఎక్కడుందో తెలుసా? అటక మీద.

గౌతమి గట్టు

లేసు టీచరు గారు చెప్పింది ఒప్పుకుంటాను. శకటం సంగతి నాకు గుర్తులేదు, అదీ ఒప్పుకుంటాను. కానీ అంశం అనేది ఒకటుండాలి. ఉంటే వచ్చిన నష్టం ఏంటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

పంటకాలువ

అంశం ఉండటం కాదండీ నష్టం. అంశానికి జవాబు కూడా మీరే రాసిపెట్టుకుని, వాళ్ల చేత కాపీ చేయించడం. పేరుగాంచిన చిత్రకారుణ్ణి పిలిచి ‘ఇక్కడో జెండా పెట్టండి సార్’ అనగలరా?

కొబ్బరాకు

ఈ రోజు బొమ్మ తెచ్చేసుకున్నాం. చీటీ గమ్ముతో అతికించారు, పీకితే కాగితం కాస్త లేచింది. నీళ్ల రంగు ఉన్నచోటే, కింద మూల.

మీరంతా రాసింది తనకి చదవమని ఫోన్ ఇచ్చాను. మొత్తం చదివింది. గట్టు గారి మొదటి పోస్టు దగ్గర నవ్వింది. జెండా చెరిపేద్దామా అని అడిగితే వద్దంది. బడి వేశాక దాని మీద జెండా ఉండాలి కదా అని సైగ. చీటీ నువ్వే రాయి అన్నాను. రాసింది: ‘గంగలకుర్రు ప్రభ కౌశిక దాటుతోంది. డప్పు నీళ్లలో ఉంది. 8 వేలు.’

ఎనిమిదేంటే, మూడు చాలదా అంటే నా వంక ఒక చూపు చూసింది.

మూడు చక్రాలు

డప్పు నీళ్లలో ఉంది! ఇంకేం రాయక్కర్లేదు. నాకు కావాలి ఆ బొమ్మ. తగ్గిస్తుందేమో అడగండి.

కొబ్బరాకు

అడిగానన్నా. తగ్గించదట. మీ చువ్వల గోదావరి ఇస్తే దానికి మార్చుకుంటుందట.

మూడు చక్రాలు

నాకు సమ్మతమే. నేనే తెస్తాను. మీ ఇంటికి మెట్లెన్ని?

కొబ్బరాకు

రెండు. చెక్క వేయిస్తాను, ఆదివారం రండి.