సబ్‌ట్రాపికల్ తుఫానులకు పేరు పెట్టాలా, నంబరు చాలదా?

తీరంగాలి:
అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ 2002 నుంచి సబ్‌ట్రాపికల్ తుఫానులకు (ఉష్ణమండల తుఫానుకీ మామూలు చలికాలపు తుఫానుకీ మధ్యరకం) కూడా మామూలు జాబితాలోంచే పేరు పెడుతోంది. అంతకుముందు వాటికి మామూలుగా ఉత్త నంబరే. దక్షిణ అట్లాంటిక్‌లో బ్రెజిల్ నేవీ వాళ్లు 2011లో వచ్చిన అరానీతో మొదలుపెట్టి తమ సొంత జాబితా వాడుతున్నారు. మన భారత వాతావరణ శాఖ (ఐఎండీ)కి అసలు ఆ వర్గమే లేదు. నా సందేహాలు ఇవీ: సబ్‌ట్రాపికల్ తుఫానుకీ పెనుతుఫానులైన హరికేన్లకు పెట్టినట్టే పేరు పెడితే జనం అనవసరంగా కంగారుపడరా? ఇలా పేర్లు వాడేస్తూ పోతే "ఈ ఏడాది ఇన్ని తుఫానులు" అనే లెక్కకు విలువేముంది? పేరున్నా లేకపోయినా గాలి గాలే కదా, తేడా ఎక్కడ పడుతుంది?

రాడార్‌గది:
పెట్టాలనే నా అభిప్రాయం. కారణం దాని నిర్మాణంలో ఉంది.

సబ్‌ట్రాపికల్ తుఫానుకి కింది పొరల్లో కేంద్రం వెచ్చగా ఉంటుంది, పై పొరల్లో మాత్రం చల్లటి అల్పపీడనం కూర్చుని ఉంటుంది. ట్రాపికల్ (ఉష్ణమండల) తుఫాను పుట్టడానికి సముద్రం దాదాపు 26.5 డిగ్రీలు ఉండాలంటారు. పైన గాలి అంత చల్లగా ఉన్నప్పుడు 22, 23 డిగ్రీల నీటి మీద కూడా ఉరుముల మేఘాలు లేస్తాయి. అందుకే ఇవి సీజను మొదట్లోనూ చివర్లోనూ, ఒక్కోసారి సీజను బయట కూడా వస్తాయి. తీరంలో ఉండేవాళ్లకు ముఖ్యమైన తేడా ఒకటుంది: గాలి జోరు కేంద్రాన్ని అంటిపెట్టుకుని ఉండదు. గరిష్ఠ గాలులు కేంద్రానికి 100 కి.మీ. పైబడిన దూరంలో, వాన ఒక పక్కనే కుప్పపడి ఉండటం మామూలు. మ్యాపులో చుక్క 150 కి.మీ. అవతల ఉంది కదా అని నిశ్చింతగా పడుకున్నవాళ్ల వీధిలోనే చెట్లు కూలొచ్చు.

ఇక నంబరు సంగతి. పాత పద్ధతిలో బులెటిన్ "సబ్‌ట్రాపికల్ స్టార్మ్ వన్" అని మొదలయ్యేది. అది పై పొరల్లో కూడా వెచ్చబడి ట్రాపికల్‌గా మారితే అప్పుడు పేరు. 2001 అక్టోబరులో బెర్ముడా దగ్గర కరెన్ ఇలాగే సబ్‌ట్రాపికల్‌గా మొదలై, ట్రాపికల్ అయ్యాకే పేరు తెచ్చుకుంది. రేడియోలో వినేవాడికి నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకటేనని ఎవరు చెప్పాలి? పైగా ఆ మార్పు ఫలానా గంటకు జరిగిందని గీత గీయలేం. ఉపగ్రహ చిత్రంలో మేఘాల పట్టీ కేంద్రానికి ఎంత దగ్గరగా చుట్టుకుందో చూసి హెబర్ట్-పొటీట్ పద్ధతిలో అంచనా వేస్తారు. ఒకే చిత్రం చూసి ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చెప్పే సందర్భాలు ఉంటాయి. వాళ్ల తర్జనభర్జనతో పాటు జనం పిలిచే పేరు మారిపోకూడదు. 2002 సెప్టెంబరులో గుస్తావ్‌కి సబ్‌ట్రాపికల్‌గా ఉండగానే పేరు పెట్టారు. అది తర్వాత ట్రాపికల్ అయింది, హరికేనూ అయింది. పేరు పెట్టినప్పటి నుంచి చివరిదాకా అదే పేరు.

కంగారు విషయానికొస్తే, పేరుకి గీటురాయి గాలి వేగం. నిమిషం సగటున గంటకు 63 కి.మీ. చేరాలి. అంతకు తక్కువైతే సబ్‌ట్రాపికల్ డిప్రెషన్, దానికి నంబరే. తీరానికి ఇచ్చే హెచ్చరిక కూడా ట్రాపికల్ తుఫానుకి ఇచ్చేదే: వాచ్ (ముప్పు రావచ్చని) 48 గంటల ముందు, వార్నింగ్ (ముప్పు వస్తుందని) 36 గంటల ముందు. 2018 మే 25న ఆల్బెర్టోకి సబ్‌ట్రాపికల్‌గానే పేరొచ్చింది, 28న అది ఫ్లోరిడాలో తీరం దాటింది. ఆ మూడు రోజులూ "తుఫాను నంబర్ వన్" అని చెప్పుకుంటూ పోతే ఎవరు పట్టించుకుంటారు?

లెక్కలపుస్తకం:
పేర్లు లెక్కపెట్టి వాతావరణం మారిందనడం ముందు మానేయాలి. పేరు జనం కోసం, లెక్క కోసం కాదు. అట్లాంటిక్ చారిత్రక రికార్డు హర్‌డాట్-2లో ప్రతి ఆరు గంటల వరుసకూ స్థితి కోడు ఉంటుంది. ఎస్‌ఎస్ అంటే సబ్‌ట్రాపికల్ స్టార్మ్, ఎస్‌డీ అంటే సబ్‌ట్రాపికల్ డిప్రెషన్. దశాబ్దాల ధోరణి చూడాలనుకునేవారు ఈ రెండింటినీ వేరుచేసి, రెండు రోజులకన్నా తక్కువ బతికినవాటిని పక్కనపెట్టి గ్రాఫు మళ్లీ గీయండి. కొద్దికాలమే బతికే తుఫానులు పెరిగినట్టు కనబడటంలో ఉపగ్రహాల పాత్ర చాలా ఉంది. పూర్వం నౌక ఎదురుపడకపోతే వాటి సంగతే తెలిసేది కాదు.

పేరు లేనంత మాత్రాన లెక్కలో లేదని కూడా కాదు. 2005 అక్టోబరులో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర వచ్చిన పేరులేని సబ్‌ట్రాపికల్ తుఫానుని సీజను అయ్యాక పరిశీలనలో పట్టుకున్నారు. 2023 జనవరి 16న అమెరికా ఈశాన్య తీరం అవతల పుట్టినదాన్ని అప్పట్లో మామూలు చలికాలపు తుఫానే అనుకుని, మే నెలలో సబ్‌ట్రాపికల్‌గా తేల్చారు. రికార్డులో ఆ ఏడాది మొదటిది అదే. జాబితాలో మొదటి పేరైన ఆర్లీన్ మాత్రం జూన్‌లో వచ్చినదానికి వెళ్లింది.

నా అభ్యంతరం ఒక్కటే. నడిసముద్రంలో పుట్టి, పన్నెండు గంటల్లో చల్లారిపోయేవాటికి పేరెందుకు? అక్కడ తిరిగే నౌకలకు అక్షాంశ రేఖాంశాలు, గాలి వ్యాసార్థం చాలు. తీరం వైపు వచ్చే సూచన ఉన్నప్పుడే పేరు పెడితే సరిపోతుంది.

రాడార్‌గది:
దారి ముందే తెలిస్తే అలాగే చేయొచ్చు. తెలియదు కదా! 2020 సెప్టెంబరులో ఆల్ఫా పేరు పెట్టిన రోజే పోర్చుగల్‌లో తీరం దాటింది. "ముప్పు ఉంటేనే పేరు" అని రూలు పెడితే, ముప్పు ఉందా లేదా అన్న వాదనతోనే ఒక బులెటిన్ ఆలస్యమవుతుంది.

పాలసీపేజీ:
పేరుతో డబ్బు తేడా ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేదు. అమెరికా తీర రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

ఇంటి ఇన్సూరెన్స్ డిక్లరేషన్ పేజీ (పాలసీ ముఖ్య వివరాలుండే పేజీ) తీయండి. డిడక్టబుల్ (నష్టంలో ముందుగా మీరే భరించాల్సిన మొత్తం) కింద మూడు మాటల్లో ఏది ఉందో చూడండి: "హరికేన్", "నేమ్డ్ స్టార్మ్", "విండ్ అండ్ హెయిల్" (గాలి, వడగళ్లు). మూడూ ఒకటి కావు. ఫ్లోరిడాలో హరికేన్ డిడక్టబుల్ హరికేన్ సెంటర్ ఆ తుఫానుని హరికేన్ అని ప్రకటిస్తేనే వర్తిస్తుంది. సబ్‌ట్రాపికల్ తుఫానుకి వర్తించదు. "నేమ్డ్ స్టార్మ్" అని ఉంటే కథ వేరు. చాలా పాలసీల్లో దాని నిర్వచనం "వాతావరణ సంస్థ పేరు పెట్టిన తుఫాను" అనే ఉంటుంది. అంటే 65 కి.మీ. గాలి ఉన్న సబ్‌ట్రాపికల్ తుఫాను కూడా అందులోకి వచ్చేస్తుంది. నిర్వచనం డిక్లరేషన్ పేజీలో దొరకదు, వెనక జతచేసిన ఎండార్స్‌మెంట్‌లో (అదనపు షరతుల పత్రంలో) వెతకాలి.

డిడక్టబుల్ శాతాన్ని లెక్కించేది నష్టం మీద కాదు, ఇంటి బీమా మొత్తం మీద. ఇల్లు 4,00,000 డాలర్లకు బీమా చేసి, నేమ్డ్ స్టార్మ్ 2 శాతం అని ఉంటే మీ చేతి నుంచి 8,000. పైకప్పు రిపేరుకు 9,000 అయితే కంపెనీ ఇచ్చేది 1,000. అదే గాలి పేరులేని తుఫానుది అయితే, మామూలు డిడక్టబుల్ 2,500 అనుకుంటే 6,500 వస్తుంది. కాబట్టి నష్టం జరిగిన తేదీ, గంట తెలిసేలా ఫొటోలు ఉంచుకోండి. పేరు పెట్టకముందే కొమ్మ విరిగి పడిందా, తర్వాతా అన్నది క్లెయిములో ప్రశ్న అవుతుంది.

2012లో శాండీ హరికేన్ తీరం దాటే ముందు పోస్ట్-ట్రాపికల్ అయింది, అంటే ఉష్ణమండల తుఫాను లక్షణాలు పోగొట్టుకుంది. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో హరికేన్ డిడక్టబుల్ వర్తించదని ప్రభుత్వాలే చెప్పాల్సి వచ్చింది. వరద మాత్రం వీటన్నిటికీ బయట. దానికి విడి పాలసీ కావాలి, ప్రభుత్వ వరద బీమాకి మామూలుగా 30 రోజులు ఆగాలి. పేరు విన్నాక కొంటే ఆ తుఫానుకి పనికిరాదు.

కళింగతీరం:
మన వైపు పరిస్థితి ఇది. ఐఎండీ మూడు నిమిషాల సగటు గాలి గంటకు 62 కి.మీ. చేరితే పేరు పెడుతుంది. 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం, దానికి పేరు లేదు. 2020లో ఇచ్చిన జాబితాలో 13 దేశాలవి తలా 13, మొత్తం 169 పేర్లు. ఒకసారి వాడింది మళ్లీ రాదు. బంగాళాఖాతానికి సబ్‌ట్రాపికల్ వర్గం తెచ్చిపెట్టుకోవాల్సిన అవసరం నాకు కనబడదు.

కానీ "కేంద్రం దూరంగా ఉంది కదా" అనే పొరపాటు మనకూ ఉంది. రుతుపవనాల వాయుగుండానికి కుంభవృష్టి నైరుతి పక్కన పడుతుంది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది వాయుగుండమే. మునిగింది నైరుతిన ఎంతో దూరంలో ఉన్న విజయవాడ, బుడమేరు పొంగి. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర దాటిన తీవ్ర వాయుగుండానికీ పేరు లేదు. ఆ రాత్రి హైదరాబాద్ వానకి ఎలా మునిగిందో అందరికీ తెలుసు. పేరు గాలికి పెడతారు, వానకి కాదు. వానకి ఐఎండీ జిల్లాల వారీ రంగుల హెచ్చరిక చూడాలి: రెడ్ అంటే 24 గంటల్లో 20 సెం.మీ. దాటే అవకాశం. వేటకి వెళ్లేవాళ్లకు రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు, మత్స్యకారుల బులెటిన్ ముఖ్యం. అవి వాయుగుండానికి కూడా వస్తాయి, పేరుకోసం ఆగవు.

తీరంగాలి:
పాలసీపేజీ గారూ, పేరు పెట్టిన తుఫాను తర్వాత బలహీనపడి డిప్రెషన్ అయ్యాక నష్టం జరిగితే?

పాలసీపేజీ:
అది పూర్తిగా ఎండార్స్‌మెంట్‌లోని గడువు మీద ఆధారపడుతుందండీ. కొన్నింట్లో మీ ప్రాంతానికి హెచ్చరిక ఎత్తేసిన క్షణంతో ముగుస్తుంది, కొన్నింట్లో ఆ తర్వాత 24 గంటలో 72 గంటలో ఉంటుంది. ఏజెంట్ ఫోన్‌లో చెప్పింది నమ్మకండి, ఆ పేరా నంబరు వేసి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి.