కుమికో చెక్క జాలీని నేటి డిజైన్‌లోకి తేవడం: తీసుకోవలసింది నమూనానా, కూర్పు పద్ధతినా?

ప్రశ్న – నవరేఖ

జపాన్ సంప్రదాయ గృహాల్లో కాగితం అంటించిన షోజీ అనే జారుడు తలుపులలోనూ, గదుల మధ్య తలుపుల పైభాగాన గాలీ వెలుతురూ ప్రసరించేందుకు అమర్చే రన్మా పలకలలోనూ కనిపించే కుమికో జాలీని ఒక కార్యాలయ భవనం లోపలి అలంకరణకు అన్వయించే పని నాకు అప్పగించారు. సన్నని చెక్క బద్దలకు గాడులు కోసి, మేకులు లేకుండా ఒకదానిలో మరొకటి ఇమిడ్చి కూర్చడం దాని మూలసూత్రమని తెలుసు. అయితే నేను చూసిన ఆధునిక అనుకరణలలో ఎక్కువ భాగం, ఆరు కోణాల నక్షత్రంలా కనిపించే అసనోహా ఆకృతిని ప్లైవుడ్ పలకపై లేజర్‌తో కోసినవే. దూరం నుంచి బాగానే ఉన్నా, దగ్గరికి వెళ్లేసరికి అవి అచ్చు వేసిన బొమ్మల్లా తేలిపోతున్నాయి. ఈ తేడాకు కారణం యంత్రమేనా? చేతిపనితో చేయించడం తప్ప దారి లేదా?

జవాబు – చిత్రికపని

నవరేఖ గారూ, లోపం యంత్రానిది కాదు. జపాన్ కార్ఖానాలలో కూడా గాడులు కోయడానికి యంత్రాలు వాడుతున్నారు. మీరు చూసిన పలకలలో కూర్పు అన్నదే లేదు, అసలు తేడా అదే.

కుమికోలో ప్రతి బద్దకూ చెక్క నార దాని పొడవునే సాగుతుంది. అందుకే రెండు మూడు మిల్లీమీటర్ల మందమే ఉన్నా అది విరగదు. అదే ఆకృతిని ఒకే చెక్క పలక నుంచి కోస్తే, నారకు అడ్డంగా పడిన సన్నని గీతలు చిన్న ఒత్తిడికే తెగిపోతాయి. ప్లైవుడ్ ఆ బలహీనతను కొంత తగ్గించినా, అంచుల్లో పొరలూ లేజర్ మాడ్చిన నలుపూ బయటపడతాయి.

అసనోహానే తీసుకోండి. ముందుగా మూడు దిశల బద్దలు 60 డిగ్రీల కోణంలో దాటుకునే మిత్సుకుదే అనే చట్రాన్ని కూర్చాలి. మూడు బద్దలు కలిసే ప్రతి చోటా ఒకదానికి పైనుంచి మూడింట రెండు వంతులు, మరొకదానికి కింది నుంచి అంతే, మధ్యదానికి రెండు వైపులా మూడింట ఒక్కో వంతు గాడి పడాలి. అలా ఏర్పడిన ప్రతి సమబాహు త్రిభుజంలోనూ, మూలల నుంచి మధ్యకు మూడు చిన్న ముక్కలు చేరతాయి. వాటి పొడవు త్రిభుజ భుజంలో సుమారు 0.577 వంతు. కోణం చెక్కిన దిమ్మెలో ముక్కను బిగించి, దాని కొనలను చిత్రిక పట్టి ఏటవాలు చేస్తారు. చివరి ముక్కను వేలితో నొక్కినప్పుడు మిగిలిన రెండూ బిగుసుకుంటాయి. ఎక్కడైనా జిగురు చుక్క వాడినా, జాలీని నిలబెట్టేది ఆ బిగుతే. హినోకి, సుగి వంటి మెత్తని, నిటారు నార గల చెక్కలనే ఎంచుకోవడం వెనుక కారణం కూడా ఇక్కడే ఉంది: అవి నొక్కితే కాస్త అణుగుతాయి, అందువల్ల ఇరుకైన గాడిలోకి పగలకుండా దిగుతాయి.

జవాబు – నీడలు

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట చేరుస్తాను. కూర్పును కాపాడుకుంటే సంప్రదాయ ఆకృతిని పూర్తిగా వదిలేయవచ్చు. నా దృష్టిలో అదే ఎక్కువ గౌరవం. చెక్క కూర్పునే భవనపు స్థాయికి పెంచినవారిలో ముందుగా చెప్పవలసింది వాస్తుశిల్పి కెంగో కుమా. ఐచి ప్రాంతంలోని కసుగాయిలో 2010లో పూర్తయిన జీసీ ప్రోస్థో మ్యూజియం పరిశోధనా కేంద్రానికి ఆయన తీసుకున్న ఆధారం కుమికో కాదు, హిదా తకయామాకు చెందిన చిదోరి అనే చెక్క బొమ్మ; ఆ చిన్న బొమ్మలోని కూర్పే 6 సెంటీమీటర్ల చదరపు కర్రలతో అక్కడ భవనపు బరువును మోస్తోంది. టోక్యోలోని మినామి అవోయామాలో 2013లో వచ్చిన సన్నీహిల్స్ దుకాణానికి మాత్రం, షోజీ బద్దలను ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ అల్లుకుంటూ పోయే జిగోకుగుమి పద్ధతిని త్రిమితిలోకి మార్చారు. రెండింటిలోనూ అసనోహా వంటి నమూనా కనిపించదు, అయినా జాలీ స్వభావం పోలేదు.

సంప్రదాయ ఆకృతులు ఉంచుకోదలిస్తే, ఫుకుఓకాలోని ఓకావా పనివారి జాలీలను 2013లో ప్రారంభమైన క్యూషూ సెవెన్ స్టార్స్ రైలు పెట్టెలలో ఎలా అమర్చారో పరిశీలించండి.

జవాబు – తెరచాటు

లోతు విషయం మరచిపోకండి. బద్ద 3 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల లోతు ఉంటే, ఎదురుగా నిలబడినవారికి జాలీ పలుచగా తెరుచుకుంటుంది. పక్కకు నడుస్తుంటే క్రమంగా మూసుకుపోతుంది. పలుచని పలకలో ఈ కదలిక రాదు. దుమ్ముకు భయపడి రెండు అద్దాల మధ్య బిగిస్తే ఈ గుణం నిలుస్తుంది కానీ, గాలి ఆడే ప్రయోజనం పోతుంది.

నవరేఖ

అందరికీ కృతజ్ఞతలు. చిత్రికపని గారూ, గాడులను యంత్రంతో కోయించి, త్రిభుజాల్లోని ముక్కలను మాత్రం చేత్తో సరిచేయిస్తే బిగుతు సమానంగా వస్తుందా?

చిత్రికపని

వస్తుంది, కానీ బద్దలన్నీ ఒకే మందంలో ఉండాలి. గాడులు కోయకముందే అన్నింటినీ ఒకే అమరికలో చిత్రిక పట్టించండి. తరువాత గాడి వెడల్పును బద్ద మందం కన్నా వెంట్రుకవాసి తక్కువగా పెట్టి, పారేయబోయే ముక్కల మీద ఒక త్రిభుజం కూర్చి చూడండి. మొదటి ముక్కలు వదులుగా జారితే గాడి వెడల్పును మార్చండి, ముక్కల పొడవును పెంచి సరిపెట్టవద్దు. పొడవు పెంచితే బద్దలు బయటికి వంగి పక్క త్రిభుజాలు వంకర తిరుగుతాయి.