పెళ్ళి ఫొటోలకు కెనాన్ ఈఓఎస్ ఆర్‌పీ సరిపోతుందా, నికాన్ జడ్5కి వెళ్ళాలా?

అందరికీ నమస్తే. ఈమధ్యే పెళ్ళి ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. సెకండ్ హ్యాండ్‌లో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ కెమెరా కొనాలి. ఆర్‌పీ బాగా తేలిక, బ్యాటరీ, కార్డుతో కలిపి 485 గ్రాములే. నా పాత ఈఎఫ్ (కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల) లెన్సులు అడాప్టర్‌తో పనిచేస్తాయి, ఆ ఖర్చు మిగులుతుంది. కానీ కార్డు స్లాట్ ఒక్కటే, రెండో కార్డులో కాపీ ఉండదు. తలంబ్రాల సమయంలో కార్డు పాడైతే ఆ కుటుంబానికి ఏం చెప్పాలి? నా టెన్షనంతా అదే. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) కూడా లేదు, 4కే వీడియోలో ఫ్రేమ్ బాగా క్రాప్ అవుతుంది, అంటే అంచులు తెగిపోతాయి. జడ్5లో రెండు స్లాట్లు, స్టెబిలైజేషన్ ఉన్నాయి గానీ లెన్సులన్నీ మళ్ళీ కొనాలి. తెల్లవారుజాము ముహూర్తాల్లో, తక్కువ వెలుతురులో ఆర్‌పీ వాడినవాళ్ళు దయచేసి చెప్పండి. ఒక్క స్లాట్‌తో ధైర్యంగా పని ఒప్పుకోవచ్చా? రోజంతా తీయాలంటే ఎన్ని బ్యాటరీలు దగ్గర పెట్టుకోవాలి?