డిమెన్షియా ఉన్న మామయ్యగారికి తుంటి ఆపరేషన్, దగ్గర ఉండేది నేనే, ఏం చూసుకోవాలి?

గుంటూరు కోడలు:
మామయ్యగారికి 78 ఏళ్లు, అల్జీమర్స్ ఉంది. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఎల్లుండి ఆపరేషన్. ఇంట్లో అయితే ఎలా బుజ్జగించాలో నాకు తెలుసు, ఇక్కడికొచ్చాక మాత్రం "బస్సు టైమైంది, పదమ్మా" అంటూ మంచం దిగబోతున్నారు, రాత్రి సెలైన్ సూది పీకేశారు. నర్సులేమో అటెండెంట్ మీరే కదా, చూసుకోండి అంటున్నారు. ఏం చూసుకోవాలో చెప్పేవాళ్లు లేరు. చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సిస్టర్:
జబ్బు ముదిరిపోయిందని బెంగపడకమ్మా. ఇలా ఉన్నట్టుండి మారిపోవడాన్ని డెలీరియం అంటారు. నొప్పి, ఇన్‌ఫెక్షన్, మూత్రం బిగుసుకోవడం, మలబద్ధకం, నిద్ర లేకపోవడం, కొన్ని మందులు, ఏదైనా కారణం కావచ్చు. "ఇంటి దగ్గర ఇలా లేరు, వచ్చాకే మారారు" అని డాక్టరుగారికి గట్టిగా చెప్పు. పెద్దాయన కదా, మామూలే అంటే ఊరుకోకు. ఇంకోటి, నొప్పిగా ఉందా అంటే లేదనే అంటారు, పక్క మార్చేటప్పుడు మొహం చూడు, తెలిసిపోతుంది. డోనెపెజిల్ (మతిమరుపు జబ్బుకి ఇచ్చే మాత్ర) వాడుతుంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి, నీ అంతట నువ్వు ఆపేయొద్దు.

విజయవాడ శ్రీను:
మా నాన్నకి ఇదే అయిందండీ. కళ్లద్దాలు, వినికిడి మిషన్ పోతాయని ఇంట్లో పెట్టి రాకండి, అవి లేకపోతే అయోమయం ఇంకా పెరుగుతుంది. సూది ఉన్న చేతికి పొడుగు చేతుల చొక్కా వేశాం, కనపడకపోయేసరికి దాని జోలికి పోలేదు. బస్సు అంటే బస్సు లేదని వాదించకండి, ఏ ఊరు మామయ్యా అని మాటల్లో పెట్టండి. అన్నం మాత్రం వీలైనంత నిటారుగా కూర్చోబెట్టే పెట్టాలి, మగతగా ఉంటే అసలు వద్దు, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

హైదరాబాద్ అక్క:
అన్నీ బాగానే చెప్పారు, మరి ఈ అమ్మాయి నిద్రపోయేదెప్పుడు? కొడుకులూ కూతుళ్లూ ఫోన్లో సలహాలిచ్చి, ఉండటం మాత్రం కోడలు ఉండాలా? రాత్రికి మీవారిని రమ్మను. ఎవరు మారినా తెలిసేలా ఏ పేరుతో పిలిస్తే ఆయన పలుకుతారో, వాడే మందులు, బాత్రూంకి వెళ్లే వేళలు ఒక కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది, ఫ్రీ.

గుంటూరు కోడలు:
థాంక్స్ అందరికీ. రాత్రికి చేతులు కట్టేస్తామంటున్నారు, ఒప్పుకోనా?

రిటైర్డ్ సిస్టర్:
కట్టేస్తే ఇంకా గింజుకుంటారు. ముందు నొప్పికి మందిచ్చారో లేదో, మూత్రం సరిగా వస్తోందో లేదో చూడమను. తప్పదంటే ఎంతసేపు, ఎవరు వచ్చి చూస్తారు, ఎప్పుడు విప్పుతారు అని డ్యూటీ డాక్టరునే అడుగు.